పారిష్ రిజిస్టరా, సెన్ససా, పొలాల పటమా? ఇంగ్లండ్ పల్లెలో పూర్వీకుల్ని వెతకడానికి ఏది మేలు?

మా పక్కింటి పెద్దావిడకు ఎనభై దాటాయి. పుట్టింది ఈ డెర్బీషైర్ పల్లెలోనే, ఇప్పటికీ ఉండేది ఇక్కడే. "మా నాన్న వైపువాళ్ళు అసలు ఎక్కడివాళ్ళో చూసిపెట్టు నాయనా" అని ఆవిడ అడిగి మూడేళ్ళయింది. ఆవిడ కోసం పట్టుకున్న పని నన్ను పట్టుకుని వదల్లేదు. మొన్న లెస్టర్ నుంచి మనవాళ్ళబ్బాయి ఒకరు ఫోన్ చేశాడు. భార్య ఇంగ్లీషు అమ్మాయి. పిల్లలకు తల్లి వైపు వంశవృక్షం గీసిపెట్టాలట. "అన్నా, ఎక్కడ మొదలెట్టను? చర్చి రిజిస్టరా, సెన్ససా?" అన్నాడు. ఫోన్లో తేలే మాట కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదలుపెట్టడానికి సెన్సస్ మేలు. నమ్మడానికి రిజిస్టర్ మేలు. మనుషుల సంగతి కాక ఊరి సంగతి కావాలంటే ఈ రెండూ చాలవు.

ఇంగ్లండ్‌లో జనాభా లెక్కలు 1801 నుంచి పదేళ్ళకోసారి జరుగుతున్నా, దేశమంతటా పేర్లతో దొరికేది 1841 నుంచే. ఆ 1841ది కొంచెం ఇబ్బంది పెడుతుంది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును కిందనున్న అయిదు గుణిజానికి దించి రాశారు. నలభై నాలుగేళ్ళవాడు నలభై అవుతాడు. పుట్టిన ఊరు రాయలేదు, ఇదే కౌంటీలో పుట్టాడా లేదా అన్నంతవరకే. అందుకని నేనెప్పుడూ 1851 తీస్తాను. అందులో ఇంటి పెద్దకు ఎవరేమవుతారో, ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలోని ఊళ్ళో, పుట్టారో ఉంటుంది. ఒక్క కాగితం మీద భార్య, పిల్లలు, ఇంట్లో ఉంటున్న అత్తగారు, పనిపిల్ల అందరూ కనిపిస్తారు. ఆ పారిష్ పేరే తాళంచెవి. అది లేకుండా రిజిస్టర్లలో పడితే గడ్డివాములో సూదే.

అయితే 1841 నుంచి 1901 దాకా మనం చూసేది ఆ ఇంటివాళ్ళు రాసింది కాదు. ఇళ్ళకు పంచిన ఫారాలు తీసుకుని లెక్కలాయన తన పుస్తకంలోకి ఎక్కించుకున్న ప్రతి అది. ఇంటివాళ్ళ సొంత చేతిరాత 1911 నుంచే దొరుకుతుంది. పైగా పదేళ్ళకోసారి. ఈ లెక్కకూ ఆ లెక్కకూ మధ్య పుట్టి పోయిన బిడ్డ అసలు పుట్టనట్టే. మా పెద్దావిడ ముత్తాత 1851లో ఇదే ఊళ్ళో పుట్టానన్నాడు, 1861లో పక్క పారిష్ పేరు చెప్పాడు. ఏది నిజమో సెన్సస్ తేల్చలేదు. బాప్తిస్మం రిజిస్టర్ తేల్చింది, పక్క పారిష్షే. ఇంకో సంగతి, నూరేళ్ళు నిండితేగాని సెన్సస్ తెరవరు. 1921ది 2022లో తెరిచారు. 1931ది 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1941లో యుద్ధం వల్ల తియ్యనే లేదు. ఆ ఖాళీలో ఆసరా యుద్ధం మొదలైనప్పుడు రాసిన 1939 రిజిస్టర్ ఒక్కటే.

ఇక పారిష్ రిజిస్టర్. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు ప్రతి చర్చిలోనూ రాసిపెట్టాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చింది 1538లో. అంత పాతవి మిగిలిన ఊళ్ళు తక్కువే. ఏటా బిషప్‌కు ఒక నకలు వెళ్ళేది, అసలు పుస్తకం పోయిన చోట ఆ నకలే దిక్కు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, అప్పట్నుంచి బాప్తిస్మం వరుసలో తండ్రి వృత్తి, ఉండే చోటు కూడా ఉంటాయి.

నా మనసు ఆగిపోయేది మాత్రం 1754 తర్వాతి పెళ్ళిళ్ళ దగ్గర. ఆ ఏడాది మార్చిలో అమల్లోకి వచ్చిన చట్టంతో వధూవరులు, సాక్షులు సంతకాలు చెయ్యాల్సి వచ్చింది. మాట్లాక్‌లోని జిల్లా రికార్డ్ ఆఫీసులో పెద్దావిడ పూర్వీకుల పెళ్ళి వరుస దొరికింది. పెళ్ళికొడుకు అక్షరాలు కూడబలుక్కుంటూ పేరు రాశాడు, చివరి రెండక్షరాలు గీత దిగిపోయాయి. పెళ్ళికూతురికి రాత రాదు. ఒక ఇంటూ గుర్తు పెట్టింది. ఒక గీత పొడుగు, ఇంకోటి పొట్టి, రెండూ కలిసిన చోట సిరా ముద్దగా పడింది. కలం అక్కడ కాసేపు ఆగిందన్నమాట. దాని రెండు పక్కలా ఆవిడ పేరు, "ఆమె గుర్తు" అని పాదిరి రాశాడు. ఆ పేజీ ప్రింటు తీసి ఇస్తే మా పెద్దావిడ ఆ గుర్తు మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వయసులు, వృత్తులు, పిల్లల లెక్క అన్నీ సెన్సస్ ఇస్తుంది గాని ఇది ఇవ్వలేదు.

రిజిస్టర్‌లోనూ గుంటలున్నాయి. అందులో ఉండేది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదు. అయిదుగురు పిల్లలకు ఒకే రోజు చేయించిన ఇళ్ళు చూశాను. 1752కు ముందు చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి రిజిస్టర్‌లో 1720 ఫిబ్రవరి అంటే మన లెక్కకు 1721. ఇవి తెలిస్తే సర్దుకోవచ్చు. నేను పడిన గుంట వేరు. ఇంటర్నెట్‌లోని సూచికలో పేరు కలిసింది, ఏడాది కలిసింది, తండ్రి పేరు కూడా కలిసింది. ఎనిమిది నెలలు ఆ కొమ్మే పట్టుకుని పైకి ఎక్కాను. తర్వాత ఖననాల పేజీలు తిప్పుతుంటే తెలిసింది, ఆ బిడ్డ మూడు వారాలకే పోయింది. మాకు కావలసినవాడు అదే పేరున్న చిన్నాన్న కొడుకు. అందుకే చెబుతున్నాను, సూచిక దారి చూపడానికే. అసలు పేజీ చూడాలి, బాప్తిస్మం దొరకగానే ఖననాలు కూడా చూడాలి.

ఊరి చరిత్రకు ఒక్క రిజిస్టర్ ఎందుకు చాలదో మా జిల్లాలోని ఈమ్ అనే ఊరు చెబుతుంది. 1665 సెప్టెంబరులో అక్కడ ప్లేగు మొదలైంది. మరుసటి ఏడాది పాదిరి విలియం మోంపెసన్, ఆయనకు ముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ చెప్పిన మీదట ఊరివాళ్ళు పొలిమేర దాటకుండా తమను తాము కట్టడి చేసుకున్నారు. సుమారు 260 మంది పోయారు. ఊరి జనం 350 అని పాత కథనం, అంటే నలుగురిలో ముగ్గురు. తర్వాతివాళ్ళు పొయ్యి పన్ను జాబితాల వంటివి పక్కన పెట్టి చూస్తే ఊరి జనం దాదాపు 700 అని తేలింది. చావుల లెక్క అదే ఉంది, ఊరి కథ మాత్రం మారిపోయింది.

నేలకు సంబంధించి దశమభాగం పటాన్ని మించింది లేదు. చర్చికి ఇచ్చే పంటలో పదో వంతును 1836 చట్టం డబ్బు కిందికి మార్చింది. అందుకోసం పొలం పొలానికీ నంబరు వేసి, యజమాని ఎవరు, సాగు ఎవరిది, పొలం పేరేమిటి, దున్నే నేలా పచ్చికా, విస్తీర్ణమెంత అన్నీ రాశారు. మన కరణంగారి అడంగల్ చూసినవాళ్ళకు ఇది చదవడం కష్టం కాదు. అంతకుముందే నేలల ఎన్‌క్లోజర్ (ఉమ్మడి నేలల్ని పంచి కంచెలు వేయడం) జరిగి దశమభాగం తీరిపోయిన పారిష్‌లకు మాత్రం ఈ పటం ఉండకపోవచ్చు, అక్కడ ఆ పంపకం రాసిన ఎన్‌క్లోజర్ అవార్డు అడగాలి.

వీటన్నిటినీ మించిపోయేది ఒకటుంది, కాకపోతే అదృష్టం ఉండాలి. చర్చి పెట్టెలోని పేదల కాగితాలు. 1662 చట్టం ప్రకారం పేదవాడి పోషణ అతని సొంత పారిష్‌దే. అందుకని కూలివాణ్ణి నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు పాలేరుగా ఉన్నావు, జీతమెంత అని అడిగి రాసుకునేవాళ్ళు. ఏడాది నిండా ఒకచోట పనిచేస్తే ఆ ఊరి పోషణ పొందే హక్కు వచ్చేది. అది రాకుండా కొందరు యజమానులు ఏడాదికి ఒక వారం తక్కువకే మాట్లాడుకునేవారు. చదువు లేని మనిషి జీవితం అతని నోటి మాటగా దొరికేది ఇక్కడే. చాలా ఊళ్ళలో ఇవి మిగల్లేదు. మిగిలిన ఊరు మీదైతే సెన్సస్ పక్కన పెట్టి ముందు ఇవే చూడండి.

లెస్టర్ తమ్ముడికి మాత్రం వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటి చెప్పాను. అత్తగారిని అడగమన్నాను, వాళ్ళ పెద్దలు ఊరి చర్చికి వెళ్ళేవాళ్ళా, దాన్నుంచి విడిపోయిన శాఖల చాపెల్‌కా అని. బాప్టిస్టులో క్వేకర్లో అయితే వాళ్ళ పిల్లల పేర్లు ఊరి చర్చి రిజిస్టర్‌లో ఎంత వెతికినా దొరక్కపోవచ్చు. 1837కు ముందువైతే ఆ చాపెళ్ళ పుస్తకాలు చాలావరకు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి. ఆ అత్తగారికి డెబ్బై ఎనిమిదట. ఈ ఆదివారమే అడుగుతానన్నాడు.