మాల్ట్ రుచి కావాలంటే మ్యూనిక్ డేరాలు కాదు, ఆయింగ్‌కి పోండి

అక్టోబర్‌ఫెస్ట్ (జర్మనీలోని మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు పండగ) అనగానే రాగి రంగులో, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తెచ్చే కాల్చిన రొట్టె వాసనతో ఉండే మెర్ట్సెన్ రకం బీరుని ఊహించుకుని మ్యూనిక్ వెళ్తే మొదటి మగ్గుకే ఉసూరుమంటారు. ఇప్పుడు డేరాల్లో పోసేది లేత బంగారు రంగు ఫెస్ట్‌బియర్. ఆరు శాతం ఆల్కహాల్ ఉన్నా మంచినీళ్లలా దిగిపోతుంది, అసలు దాన్ని తెచ్చిందే అందుకు. ఎంత తాగినా కడుపు బరువెక్కకూడదని 1970ల్లో పౌలానర్ అనే బీరు కంపెనీ వాళ్లు తేలిక రకం చేశారు, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 1872లో పండగలోకి వచ్చిన ముదురు మెర్ట్సెన్ అలా మెల్లగా పక్కకి పోయింది.

డేరాలకి వెళ్లొద్దని కాదు. ప్రవేశం ఉచితం, ఆ సందడి ఒకసారి చూడాల్సిందే. రిజర్వేషన్ లేకపోతే సోమ, మంగళవారాల్లో పొద్దున్నే వెళ్లి బల్ల పట్టుకోండి. శనివారం నిండిపోయాక తలుపులు మూసేస్తారు, ఎంత బతిమాలినా లాభం ఉండదు, పైగా బల్ల దగ్గర కూర్చోనిదే బీరు రాదు. మూడు లీటర్ల కన్నా పెద్ద బ్యాగు కూడా లోపలికి రానివ్వరు. మేం అగస్టీనర్ డేరాకి వెళ్లాం, ఎందుకంటే అక్కడ ఇంకా చెక్క పీపాల నుంచే పోస్తారు. వడ్డించే ఆవిడ పది మగ్గులు రెండు చేతుల్లో గుండెలకి అదుముకుని, ఈల వేసుకుంటూ జనంలోంచి దూసుకొచ్చి, ఒక్క చుక్క ఒలక్కుండా బల్ల మీద దించింది. డబ్బు అప్పటికప్పుడే ఇవ్వాలి. 2024లో లీటరు మగ్గు 13.60 నుంచి 15.30 యూరోల దాకా ఉంది, టిప్పు వేరే. లీటరంటే మన దగ్గర దొరికే పెద్ద సీసా ఒకటిన్నర, కాబట్టి పక్క బల్లవాళ్లతో పోటీ పెట్టుకోవద్దు. గుడ్డు తినే శాకాహారులకి చీజ్ వేసిన ష్పెట్స్‌లె (గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్) ఉంటుంది, కడుపు నిండుతుంది, కారం మాత్రం అడక్కండి.

ఇక బస. పండగ జరిగే ఆ రెండు వారాలూ మ్యూనిక్ హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. స్టేషన్ దగ్గర మేం దిగిన చోట లిఫ్ట్ లేదు, కిటికీ సరిగ్గా మూసుకోదు, టిఫిన్‌కి మళ్లీ వేరే బిల్లు. మర్నాడే ఔగ్స్‌బుర్గ్ అనే ఊరికి మారిపోయాం. రీజనల్ రైల్లో ముప్పావుగంట ప్రయాణం, గది శుభ్రం, రాత్రి నిద్ర పట్టింది. మ్యూనిక్‌లో చుట్టాలో స్నేహితులో ఉంటే సరే, లేకపోతే ఇదే మేలు.

అసలు సంగతి ఆయింగ్. మ్యూనిక్ నుంచి క్రాయ్ట్స్‌ష్ట్రాసె వైపు వెళ్లే ఎస్-బాన్ (లోకల్ రైలు) ఎక్కితే పొలాల మధ్య చిన్న ఊరు, చర్చి, దాని దగ్గర్లో ఆయింగర్ బీరు కంపెనీ వాళ్ల భోజనశాల. జనం ఉన్నారు గానీ తొక్కిసలాట లేదు. వాళ్ల మెర్ట్సెన్ 5.8 శాతం. గ్లాసుని వెలుతురుకి ఎత్తితే ముదురు తేనె రంగు, పైన వేలెడు నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే పెనం మీద కాస్త ఎక్కువ కాలిన జొన్నరొట్టె అంచు వాసన. నోట్లో మొదట తీపి తగులుతుంది, పాకంలా కాదు, ధాన్యం నమిలితే వచ్చే తీపి, ఆ వెనకే హాప్స్ (బీరులో వేసే ఒకరకం పూలు) చేదు సన్నగా వచ్చి నోరు శుభ్రం చేసి పోతుంది. కాస్త చల్లదనం తగ్గాక ఇంకా బాగుంటుంది, తొందరపడకండి. ఆ రుచంతా మ్యూనిక్ మాల్ట్‌ది, మొలకెత్తిన బార్లీని మామూలు కన్నా ఎక్కువ వేడి మీద ఆరబెడతారు. మ్యూనిక్ ఉన్న బవేరియాలో 1553 నుంచి ఏప్రిల్ 23 దాటితే సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదని చట్టం ఉండేది, ఎండల్లో పాడైపోతుందని. అందుకే మార్చిలో (జర్మన్‌లో మెర్ట్స్, మెర్ట్సెన్ పేరు దాన్నుంచే) కాస్త ఘాటుగా కాచి చల్లటి నేలమాళిగల్లో దాచేవాళ్లు, మిగిలింది శరదృతువులో తాగేవాళ్లు. ఇక్కడ వడ్డన నిదానం, కానీ విసుక్కోరు, ఏది ఎలా ఉంటుందని అడిగితే ఓపిగ్గా చెప్పారు.

ఇంకో రోజు చేతిలో ఉంటే బాంబెర్గ్ అనే ఊరు వెళ్లొచ్చు, ఐసీఈ అనే వేగం రైల్లో రెండు గంటలు. అక్కడి ష్లెంకెర్లా అనే బీరుశాలలో పోసేది కూడా మెర్ట్సెనే, 5.1 శాతం, కాకపోతే మాల్ట్‌ని బీచ్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. మా ఆవిడ ఒక్క గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపేసింది. నాకు సగం గ్లాసయ్యాక నచ్చింది. అందరికీ పడుతుందని మాత్రం చెప్పలేను.

ఎక్కడికీ వెళ్లే టైం లేదంటే మ్యూనిక్ సూపర్ మార్కెట్లో హాకర్-ప్షోర్ మెర్ట్సెన్ సీసా కొనుక్కోండి, అదీ 5.8 శాతమే, డేరా ధరలో పిసరంత. సీసాకి 15 సెంట్లు డిపాజిట్ పడుతుంది, ఖాళీది తిరిగి ఇస్తే వచ్చేస్తుంది. ఇండియాకి తెచ్చుకుంటే మనిషికి రెండు లీటర్ల దాకానే సుంకం లేకుండా వదులుతారు, అంటే అర లీటరు సీసాలు నాలుగు. చెకిన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టండి.