ముక్కనుమ నాడు బయల్దేరి మనాలీ మంచులోకి

మా సత్యనారాయణపురంలో జనవరిలో "మంచు పడుతోంది" అంటే పొద్దున్నే ఎదురింటి గేటు కనబడడం లేదని అర్థం. గడ్డి మీద తడీ మంచే, పొగలా కమ్ముకునేదీ మంచే. ఆకాశంలోంచి దూది పింజల్లా రాలేదానికి మన వాడుకలో వేరే మాటే లేదు, విజయవాడ వాళ్ళకి దాంతో ఎప్పుడూ పని పడలేదు కదా.

ఈ సంక్రాంతికి నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా బాబు, 66 ఏళ్ళ మా అత్తయ్య కలిసి మనాలీ వెళ్ళి ఏడు రాత్రులు ఉండి వచ్చాం. వెళ్ళేముందు నేను చూసిన వీడియోల నిండా స్కీయింగులూ ఫోటోలే. రాత్రి బాత్రూంలో నీళ్ళు వస్తాయా, గది వెచ్చగా ఉంటుందా, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ నాలుగు అడుగులు వేయగలదా అన్నది ఒక్కరూ చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

టికెట్లు మా ఆయన కనుమ రోజుకే చూశారు గానీ "కనుమ నాడు కాకి కూడా కదలదు, నేను రాను" అని అత్తయ్య కూర్చున్నారు, దాంతో ముక్కనుమ నాడు ఎక్కాం. ఢిల్లీ రైలు పొగమంచుకి ఐదు గంటలు లేటు. జనవరిలో ఇది మామూలే కాబట్టి రైలు దిగిన రోజే మనాలీ బస్సు బుక్ చేసుకోకండి, ఒక రాత్రి ఢిల్లీలో ఉండండి. మేము అలా చేయబట్టే టెన్షన్ పడలేదు. కశ్మీరీ గేట్ బస్టాండ్ నుంచి హిమాచల్ ఆర్టీసీ వోల్వోలో దాదాపు 540 కిలోమీటర్లు, సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగాం. డ్రైవర్ ఘాట్‌లో ఎంత నిదానంగా తోలాడంటే అత్తయ్య నిద్ర లేవలేదు, నా మట్టుకు నాకు ఇంతకంటే మంచి సర్టిఫికెట్ లేదు. విమానమైతే భుంతర్ వరకే, అక్కడి నుంచి ఇంకో 50 కిలోమీటర్లు.

మొదటి రెండు రాత్రులు మాల్ రోడ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక హోటల్. రోజుకి 3,800. గదికి గోడంత అద్దం కిటికీ, పొద్దున లేవగానే ఎదురుగా కొండలు, ఫోటోకి అద్భుతం. కానీ రాత్రి ఆ అద్దంలోంచే చలి లోపలికి వచ్చేది. కింద టైల్స్, సాక్స్ వేసుకున్నా అరికాళ్ళు జివ్వుమనేవి. ఫోటోల్లో చూపించిన హీటర్‌కి రోజుకి 500 అదనం అని అక్కడికి వెళ్ళాక చెప్పారు. రెండో రాత్రి గడిచి తెల్లారేసరికి కొళాయిలో చుక్క నీరు లేదు, పైపులో నీళ్ళు గడ్డకట్టాయట, ఎండ తగిలి కరిగేసరికి పదిన్నర అయింది. అత్తయ్యకి ఐదింటికి స్నానం చేసి దీపం పెట్టే అలవాటు, ఆవిడ ఏమీ అనలేదు గానీ బకెట్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న తీరు చూస్తే నాకు కడుపులో తిప్పినట్టయింది. ఆ రోజే అక్కడ ఖాళీ చేశాం.

తర్వాత ఐదు రాత్రులు మనాలీ పక్కనే ఉన్న వశిష్ఠ్ అనే ఊరి దగ్గర కొండవాలులో ఒక ఇంట్లో. గదికి 1,800, పొద్దున్న టిఫిన్ దాంట్లోనే. అది కాఠ్‌కుణీ ఇల్లు, అంటే ఒక వరస దేవదారు దూలం, ఒక వరస రాయి, మళ్ళీ దూలం, ఇలా సున్నమూ సిమెంటూ లేకుండా పేర్చుకుంటూ పోతారు. కిటికీలు చిన్నవి, తలుపు ఇంకా చిన్నది, తల వంచి లోపలికి వెళ్ళాలి. ఎందుకంత చిన్నవో మొదటి రాత్రే అర్థమైంది. హాల్లో మధ్యన తందూర్. మనం తందూర్ అంటే రొట్టెల పొయ్యి అనుకుంటాం, అక్కడ అది కట్టెలు వేసే రేకు పొయ్యి, పొగ గొట్టం పైకప్పు దాటి వెళుతుంది. ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే తినడం, కబుర్లు, పిల్లల హోంవర్కు, పైన ఎప్పుడూ ఒక కెటిల్లో నీళ్ళు మరుగుతూ ఉంటాయి. ఇంటావిడ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళగానే చెప్పిన మొదటి మాట వైఫై పాస్‌వర్డ్ కాదు. "రాత్రి పడుకునేముందు కొళాయి పూర్తిగా కట్టకండి దీదీ, దారం అంత ధార వదిలేయండి" అని. కదిలే నీరు తొందరగా గడ్డకట్టదు. ఐదు రోజులూ మాకు నీళ్ళ ఇబ్బంది రాలేదు.

లోపాలు కూడా చెప్పాలి. కారు ఇంటి దాకా రాదు, రాతి మెట్లు ఎక్కాలి, సామాను మోయడానికి ఇంటి అబ్బాయి వచ్చాడు కాబట్టి సరిపోయింది. బాత్రూం గదికి బయట వరండా చివర. రాత్రి రెండుసార్లు లేవాల్సిన పెద్దవాళ్ళుంటే ఇది ముందే అడిగి తెలుసుకోండి. అయినా మళ్ళీ వెళితే అక్కడికే వెళతాను.

వశిష్ఠ్‌లో గుడి పక్కనే వేడినీటి బుగ్గలు ఉన్నాయి, గంధకం వాసన వస్తుంది, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు కుండాలు, డబ్బు తీసుకోరు. బయట కొళాయిల దగ్గర ఊరి ఆడవాళ్ళు బట్టలూ గిన్నెలూ తెచ్చుకుని ఉతుక్కుంటూ తోముకుంటూ ఉంటారు, అంత చలిలో భూమిలోంచి వేడినీళ్ళు ఊరికే వస్తుంటే ఇంట్లో గ్యాస్ ఎవరు ఖర్చు పెడతారు. అత్తయ్య రోజూ అక్కడే స్నానం, మోకాళ్ళకి బాగుందన్నారు.

తిండి సంగతి. ఆ ఊరు రెండు వేల మీటర్ల ఎత్తు, నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో పప్పు ఒక పట్టాన పలుకు పోదు. కుక్కర్ ఉండాల్సిందే, అక్కడ అందరి ఇళ్ళలోనూ ఉంది. వాళ్ళ సిడ్డూ తప్పకుండా తినండి. పులిసిన గోధుమపిండిలో గసగసాలో అక్రోటు ముద్దో పెట్టి ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసి ఇస్తారు. మన కుడుముకి దగ్గరి చుట్టం. మేము తీసుకెళ్ళిన కందిపొడి ఆ నెయ్యితోనే ఖాళీ అయింది.

నాలుగో రాత్రి మంచు పడింది. వానలా చప్పుడు ఉండదు కదా, ఎవరికీ తెలియలేదు. తెల్లవారుజామున అత్తయ్య నన్ను తట్టి లేపి "తెల్లారిపోయిందే, ఎవరూ లేవలేదేం" అన్నారు. టైమ్ చూస్తే నాలుగున్నర. బయట నేలంతా తెల్లగా పరుచుకుని, ఆ వెలుగు కిటికీలోంచి పైకప్పు మీద పడుతోంది. కాసేపటికి ఇంటికప్పు రేకు మీద నుంచి ఒక్క మంచు దిమ్మ జారి ధబ్బున పెరట్లో పడింది, మా బాబు అదిరిపడి లేచాడు.

పొద్దున ఇంటాయన మొహం చూడాలి. మనాలీ వాళ్ళు మంచుని మన కోసం వచ్చే వినోదంగా చూస్తారనుకున్నాను నేను. వాళ్ళకది పంట. ఆపిల్ చెట్టు చలికాలమంతా పడుకోవాలి, 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటలకి పైగా తగిలితేనే వసంతంలో పూత సరిగ్గా వస్తుందట. మంచు మెల్లగా కరుగుతూ వేర్లకి తడి ఇస్తుంది. అందుకే దాన్ని తెల్ల ఎరువు అంటారు. అత్తయ్యది నూజివీడు, చిన్నరసాల తోటలో పుట్టి పెరిగిన మనిషి. "మాకు ఇప్పుడే పూత, మబ్బూ మంచూ కమ్మితే తేనెమంచు పురుగు పట్టి పూతంతా మాడిపోతుంది" అని ఆవిడ తెలుగులో, నేను హిందీలో చెబుతుంటే, ఆయన తల ఊపుతూ తోటలోకి తీసుకెళ్ళారు. కొమ్మలు కత్తిరించిన చోట నీలంగా ఏదో పూసి ఉంది. అత్తయ్య వేలితో ముట్టుకుని "బోర్డో పేస్టు, మా అన్నయ్య కూడా ఇదే పూస్తాడు" అన్నారు, కోసిన చోట తెగులు పట్టకుండా పూసే మైలుతుత్తం, సున్నం ముద్ద అది. ఆ ఒక్క మాట ఆయనకి నేను చెప్పకుండానే అర్థమైంది. ఇద్దరూ మంచులో నిలబడి చెట్టు చెట్టుకీ వేళ్ళు చూపించుకుంటూ అరగంట గడిపారు.

బియాస్ నది అవతల గోశాల్ అనే ఊరుంది. సంక్రాంతి నుంచి 42 రోజులు అక్కడా చుట్టుపక్కల ఊళ్ళలోనూ టీవీ పెట్టరు, గట్టిగా మాట్లాడరు, పొలం పనులు చేయరు. దేవతలు స్వర్గానికి వెళ్ళారని, వాళ్ళకి భంగం కలగకూడదని నమ్మకం. ఆ గడువు ముగిశాక గుడిలో మట్టి తీసి చూస్తారు, అందులో కనబడ్డదాన్ని బట్టి ఆ ఏడాది ఎలా ఉంటుందో చెప్పుకుంటారు. మా వీధిలో భోగి రోజు తెల్లవారుజాము నుంచి మైకులు విని వచ్చిన మేము ఆ దారిలో నడిచేటప్పుడు మా చెప్పుల చప్పుడుకే ఆగి ఆగి నడిచాం. వెళితే ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి, లోపలికి దూరి వీడియోలు తీయకండి.

మిగతావి క్లుప్తంగా. మనాలీ వైపు నుంచి కొండ అవతలి లాహౌల్ లోయలోకి వెళ్ళే సొరంగం అటల్ టన్నెల్ 9.02 కిలోమీటర్లు, 2020లో తెరిచారు. అంతకుముందు లాహౌల్ వాళ్ళకి చలికాలంలో ఇటు రావడానికి రోడ్డే ఉండేది కాదు. మనాలీలో మంచు లేని రోజుల్లో కూడా అవతల సిస్సూ అనే ఊళ్ళో ఉంటుంది, అందుకే మేము ఇక్కడ మంచు పడకముందే వెళ్ళొచ్చాం. మంచు పడిన రోజు పోలీసులు ముందే ఆపేసి నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బళ్ళనే వదులుతారు, అప్పుడు టాక్సీ రేటు రెట్టింపు అడిగారు. అద్దె బూట్లు, కోటు కలిపి మనిషికి 300, బూటు లోపల చెయ్యి పెట్టి తడి లేదని చూసుకునే తీసుకోండి. కొత్త మంచు మీద పడరు, కరిగి రాత్రి మళ్ళీ గట్టిపడిన దాని మీదే జారతారు, పెద్దవాళ్ళని పొద్దున తొమ్మిది లోపు బయట నడిపించొద్దు. హిడింబ గుడి 1553 నాటిది, దేవదారుల మధ్య, జనం లేని మధ్యాహ్నం పూట వెళ్ళండి. మనాలీ దగ్గరే ఉన్న నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఇల్లు ఉంది, మన వాల్తేరులో పుట్టిన పాతకాలపు హిందీ సినిమా నటి దేవికారాణి ఆయన కోడలు. అది తెలిశాక అత్తయ్య అక్కడ ఫోటోల ముందు నుంచి ఎంతకీ కదల్లేదు.

వచ్చి నెల దాటింది. నిన్న ఇంటావిడ ఫోన్ చేసి మంచు ఇంకా రెండుసార్లు పడిందని చెప్పారు. "నూజివీడులో పూత నిలిచిందా" అని అడిగారు. అత్తయ్య ఫోన్ నా చేతిలోంచి తీసుకుని "నిలిచింది, నిలిచింది" అని తెలుగులోనే చెప్పారు.