కొత్త మోటర్‌హోమ్ డెలివరీ: డీలర్ చెకింగ్ చాలా, మనమే చూసుకోవాలా, ఇన్‌స్పెక్టర్‌ని పెట్టాలా?

"బండి రెడీ అయింది, వచ్చి తీసుకెళ్లమంటున్నారు. అంతా చెక్ చేశాం అంటున్నాడు డీలర్. అది చాలా?" మేము మోటర్‌హోమ్ కొన్న సంగతి తెలిసినప్పటి నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదే. అడిగే మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకసారి రాసి పెట్టేస్తే నయమనిపించింది. మా బండి వచ్చి ఇప్పటికి నాలుగు నెలలు. డెలివరీకి ముందు మేమూ ఈ మూడు దారుల మధ్య ఊగిసలాడి, చివరికి నాలుగోది పట్టాం. దాని మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

"కొత్తదే కదా, చూడటానికేముంది?" అనేవాళ్లకు ఒక్క మాట. ఇది కారు కాదు, ఛాసిస్ మీద కట్టిన ఇల్లు. అందులో పైపుల జాయింట్లు, స్క్రూలు, సీలెంట్ పూతలు చాలావరకు మనుషులు చేత్తో చేసినవే. ఆ ఇంటిని ఫ్యాక్టరీ నుంచి రోడ్డు మీద కుదుపుకుంటూ తెచ్చి, డీలర్ యార్డులో నెలల తరబడి ఎండకూ వానకూ నిలబెడతారు. ఏదో ఒకటి వదులవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

డీలర్ చెకింగ్ సంగతి ముందు చూద్దాం. దీన్ని తీసిపారేయను. మంచి డీలర్ దగ్గర టెక్నీషియన్ నీళ్లు నింపి, గ్యాస్ కలిపి, కరెంటు పెట్టి, ఒక్కొక్కటీ ఆన్ చేసి చూస్తాడు. అయితే ఆ బండిలో రేపు పడుకునేది అతను కాదు. అతనికి ఇచ్చిన గంటలు కొన్నే, వెనకాల ఇంకో బండి వరసలో ఉంటుంది. దీనికి తోడు చాలామంది పొరబడే విషయం ఒకటుంది. డెలివరీ రోజున మనల్ని బండి అంతా తిప్పి, ఏ స్విచ్ ఎక్కడుందో చూపిస్తారు చూడండి, అది చెకింగ్ కాదు, మనకు పాఠం చెప్పడం. మాకు చూపించినాయన ఫ్రిజ్ బటన్ నొక్కాడు, పచ్చ లైటు వెలిగింది, "పనిచేస్తోందండీ" అని పక్కకెళ్లిపోయాడు. లైటు వెలగడం వేరు, ఫ్రిజ్ చల్లబడటం వేరు. మాది గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే అబ్జార్ప్షన్ రకం. లోపల చల్లబడటానికి గంటలు పడుతుంది, బండి వాలుగా నిలబెడితే అసలు సరిగ్గా పనిచేయదు. అరగంట పాఠంలో అది తేలే విషయం కాదు.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి. టెక్నీషియన్ నింపిన చెక్‌లిస్టు కాపీ, సంతకంతో సహా అడగండి. అడిగితే ఇచ్చేవాడు నిజంగా చేసినట్టు. "అదంతా కంప్యూటర్లో ఉందండీ" అని నవ్వేస్తే, మిగతాది మీరే అర్థం చేసుకోవచ్చు.

ఇక ఇన్‌స్పెక్టర్. సొంతంగా ఇదే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వీళ్ల దగ్గర మన దగ్గర లేనివి రెండున్నాయి: పనిముట్లు, మొహమాటం లేకపోవడం. గోడలో తేమ కొలిచే మీటరు తెస్తారు. 15 శాతం లోపు చూపిస్తే నిశ్చింత, 20 దాటిందంటే నీళ్లు ఎక్కడి నుంచో లోపలికొస్తున్నాయేమో వెతకాల్సిందే. గ్యాస్ లైన్‌కి ప్రెషర్ గేజ్ పెట్టి కొన్ని నిమిషాలు ముల్లు పడిపోతుందా లేదా చూస్తారు. కొందరు ఫ్యాన్‌తో బండి లోపల గాలి ఒత్తిడి పెంచి, బయట అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లుతారు. ఎక్కడ బుడగలొస్తే రేపు వాన నీళ్లు లోపలికి దిగేది అక్కడే. ఫొటోలతో ఆయన ఇచ్చే రిపోర్టుకి డీలర్ దగ్గర విలువ ఎక్కువ. మనం చెబితే "చూస్తాంలెండి" అన్న మనిషి, అదే ముక్క రిపోర్టులో కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడతాడు.

లోటు కూడా ఉంది. కొందరు డీలర్లు బయటి మనిషిని యార్డులోకి రానివ్వరు. ఈ సంగతి అడ్వాన్స్ కట్టాక తెలిస్తే ఉపయోగం లేదు, ముందే అడిగి రాయించుకోవాలి. డీలరే సూచించిన ఇన్‌స్పెక్టర్ అయితే పెట్టుకోకపోవడమే మంచిది. ఇంకోటి, ఆయన పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాడు. బండి గురించి ఆయనకు తెలిసినంత మనకు తెలియకుండానే మన చేతికి తాళం వస్తుంది.

మనమే చూసుకోవడం మూడో దారి. నాలుగైదు గంటలు తీరిగ్గా, పక్కన సేల్స్‌మన్ నిలబడి గడియారం చూసుకోకుండా చేసుకుంటే దీన్ని మించింది లేదనేవాళ్లున్నారు, వాళ్లది పూర్తిగా తప్పనలేను. మంచం మీద పడుకుంటే గానీ మన కాళ్లు అలమారాకు తగులుతున్నాయని తెలియదు. స్లైడ్, అంటే బండి ఆగాక పక్కకు జరిపి గదిని వెడల్పు చేసుకునే భాగం, బయటికి తీసి, రెండు పక్కలా రబ్బరు సమానంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. బయటి గోడకు చెంప దగ్గరగా పెట్టి పొడుగునా చూస్తే ఉబ్బిన చోటు ఇట్టే దొరుకుతుంది, ఎదురుగా నిలబడితే ఎంతసేపు చూసినా కనపడదు. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కొత్త బండికి పాత టైరు ఉండకూడదా అంటే, ఛాసిస్ తయారై ఏడాదికి పైగా ఎక్కడో నిలబడి ఉంటే ఉండొచ్చు.

వీటిలో ఏం చూసినా చూడకపోయినా నీళ్ల సంగతి మాత్రం వదలకండి. లైటు వెలగకపోతే రేపు మార్చుకోవచ్చు, తలుపు గొళ్లెం ఊడితే బిగించుకోవచ్చు. నేల కింద ప్లైవుడ్‌లోకి దిగిన నీళ్లు మాత్రం ఆర్నెల్లు ఏ శబ్దం లేకుండా పనిచేసుకుపోతాయి. కాలు పెడితే నేల మెత్తగా దిగినప్పుడు గానీ తెలియదు, అప్పటికి రిపేరంటే నేలంతా ఊడదీయడమే. అందుకే ట్యాంకు నిండా నీళ్లు పోయించండి, "కొద్దిగా చాలు కదా" అంటే ఒప్పుకోకండి. ట్యాంకు పైభాగంలో ఉండే జాయింట్ల లీకులు అది నిండినప్పుడే బయటపడతాయి. వాటర్ హీటర్ కరెంటు స్విచ్ మాత్రం అందులోకి నీళ్లు చేరాయని వేడి నీళ్ల కుళాయి తిప్పి చూసుకున్నాకే వేయండి. ఖాళీగా ఉండగా వేస్తే కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది.

ఇప్పుడు మేము పట్టిన దారి. సంతకం పెట్టకముందు, మిగతా డబ్బు కట్టకముందు, బండిని డీలర్ యార్డులోనే ఉంచి అందులో ఒక రాత్రి పడుకున్నాం. అడగడానికి నాకు నోరు రాలేదు, మా ఆవిడే అడిగింది. మేనేజర్ ఒక్క నిమిషం మా మొహాలు చూసి, కరెంటు పాయింట్ ఉన్న మూలలో పెట్టించాడు. పడుకునే ముందు గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండింటికీ టెస్ట్ బటన్ నొక్కి చూశాం. వాటిలో ఏ ఒక్కటి అరవకపోయినా ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు.

పదకొండింటికి లైట్లన్నీ ఆపేశాం. కళ్లు మూతపడుతుండగా ఎక్కడో చిన్నగా "గుర్ర్" మని రెండు సెకన్లు మోగి ఆగింది. పట్టించుకోలేదు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ అదే. అది వాటర్ పంప్. కుళాయిలన్నీ కట్టేసి ఉంటే పైపుల్లో ఒత్తిడి నిండాక పంప్ ఆగిపోవాలి, మళ్లీ ఎవరో కుళాయి తిప్పేదాకా కిమ్మనకూడదు. మోగిందంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయన్నమాట. టార్చిలైటు, టిష్యూ పేపరు తీసుకుని ఒక్కో జాయింటుకీ పేపరు చుట్టుకుంటూ పోయాం. సింకు కింద పొడిగా ఉంది. షవర్ వెనక పొడిగా ఉంది. టాయిలెట్ వెనక ప్యానెల్ విప్పి అక్కడి నట్టుకి పేపరు ఆనించగానే ఒక మూల తడిసిపోయింది. ఆ నట్టు చేత్తో తిప్పి వదిలేశారు, స్పానర్ పడనే లేదు. పొద్దున టెక్నీషియన్‌కి అది పది నిమిషాల పని. ముందు రోజు ఆయనే మా ఎదురుగా పంప్ ఆన్ చేసి, కుళాయి తిప్పి, రెండు నిమిషాల్లో "ఓకే" అన్నాడు. అబద్ధమేమీ ఆడలేదు పాపం, రెండు నిమిషాల్లో అది ఓకేనే.

అదే రాత్రి బయటపడింది ఇంకోటి ఉంది. పది గంటలకు బయటి కరెంటు తీసేసి బ్యాటరీ మీద వదిలాం. కాసేపాగి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉన్నట్టే. రెండు లైట్లు, ఒక చిన్న ఫ్యాన్, ఇరవై నిమిషాలకోసారి మోగే ఆ పంప్, ఫ్రిజ్ గ్యాస్ మీద. తెల్లారేసరికి 11.8, అంటే దాదాపు ఖాళీ. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఆ కాస్త వాడకానికి అంత దిగజారదు. ఛార్జింగ్ లేకుండా యార్డులో నెలలు పడుంటే అలాగే అవుతుంది. వాదన లేకుండా మార్చారు.

వాదన ఎందుకు లేదంటే, డబ్బు ఇంకా మా దగ్గరే ఉంది. నా లెక్కలో అసలు తేడా ఎవరు చెక్ చేశారన్నది కాదు, డబ్బు కట్టక ముందా, కట్టాకా అన్నది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టే ఉంటుంది వ్యవహారం. సంతకం పడ్డాక మీరు సర్వీసు వరసలో ఒకరు, అంతే. వారంటీ ఉంది కదా అంటారా? ఇంజిన్, ఛాసిస్ వారంటీ ఒక కంపెనీది, బాడీది ఇంకో కంపెనీది, ఫ్రిజ్‌దీ హీటర్‌దీ వేరే కంపెనీలవి. నీళ్లు కారితే అది పైపు తప్పా, హీటర్ తప్పా అని మన బండి నెలల తరబడి షెడ్డులో కూర్చుంటుంది. "ఇవన్నీ తర్వాత చేసిస్తాం, ఇప్పటికి తీసుకెళ్లండి" అన్నారు మాకూ. నట్టు, బ్యాటరీ కాక ఇంకా మిగిలిన మూడు పనులూ కాగితం మీద రాయించి, బండిని అక్కడే వదిలి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చాం. తొమ్మిది రోజులకు ఫోన్ వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను గానీ, పని మాత్రం పూర్తయింది.

అన్నీ మేమే పట్టేశామని చెప్పను. రెండు నెలల తర్వాత పెద్ద వానలో, డ్రైవర్ సీటు పైనున్న చిన్న దీపం అంచు నుంచి చుక్క చుక్కగా నీళ్లొచ్చాయి. యార్డులో పడుకున్న రాత్రి వాన లేదు, మాకెలా తెలుస్తుంది? సబ్బు నీళ్లు, ఫ్యాన్ తెచ్చుకున్న ఇన్‌స్పెక్టర్ అయితే పట్టుకునేవాడనే నా నమ్మకం. డబ్బు సర్దుకోగలిగితే పగలు ఇన్‌స్పెక్టర్, రాత్రి మీరు. రెంటిలో ఒకటే అంటే నేను మళ్లీ రాత్రికే ఓటేస్తాను. నిచ్చెనెక్కి పైకప్పు సీలెంట్ చూడలేని వాళ్లు, మీటర్లూ వోల్టులూ అంటే చిరాకు పడేవాళ్లు మాత్రం నిస్సందేహంగా ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి.

వీడియో కాల్‌లో చూసి ఒప్పుకోవడం గురించి కూడా అడిగారు. వద్దు. మోటర్‌హోమ్ ఉన్న స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లడం మంచిదే, తన బండి కబుర్లలో పడి మన బండి మర్చిపోనంతవరకు. ముందు తీసుకుని, దగ్గర్లోనే రెండు ట్రిప్పులేసి లోపాలన్నీ ఒకేసారి చెబుదామనే పద్ధతికి పేరు బాగానే ఉంది గానీ, అప్పటికి డబ్బు వెళ్లిపోయి ఉంటుంది.

రాత్రి ఉండాలనుకుంటే ఆ మాట అడ్వాన్స్ కట్టే రోజునే అడగండి, డెలివరీ రోజున కాదు. వెంట టార్చి, మల్టీమీటర్, ఫ్రిజ్‌లో పెట్టడానికి ఒక థర్మామీటర్, టిష్యూ పేపర్ల కట్ట ఉంటే చాలు. చలికాలమైతే దుప్పటి ఒకటి ఎక్కువ పెట్టుకోండి. హీటర్ పనిచేయడం లేదన్న సంగతి మామూలుగా తెలిసేది తెల్లవారుజామున మూడింటికే.