కారు యాక్సిల్‌కి బూటు ఒక్కటే మార్చాలా, యాక్సిల్ మొత్తం మార్చాలా?

ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కడ్డీ యాక్సిల్, దాని జాయింట్‌ని కప్పే రబ్బరు తొడుగే బూటు. అది చిరిగితే గ్రీజు బయటికి పోయి, దుమ్మూ నీళ్లూ జాయింట్‌లోకి చేరతాయి. కాబట్టి వాయిదా వేయొద్దు.

ఖర్చు: బూటు కిట్ చవక. యాక్సిల్‌కి చాలా ఎక్కువవుతుంది.

శ్రమ: ఇక్కడే చాలామంది పొరబడతారు. బూటుకైనా మామూలుగా యాక్సిల్ బయటికి తీయాల్సిందే, ఆపైన జాయింట్ విప్పి, పాత గ్రీజంతా కడిగి, కొత్తది నింపి, క్లాంపులు బిగించాలి. కొత్త యాక్సిల్ అయితే నేరుగా ఎక్కించేయొచ్చు.

రిస్క్: క్లాంపు వదులైతే గ్రీజు మళ్లీ కారుతుంది. యాక్సిల్ లాగేటప్పుడు గేర్‌బాక్స్ సీలు (ఆయిల్ కారకుండా ఆపేది) దెబ్బతినే టెన్షన్ రెండింట్లోనూ ఉంది. దేనికైనా సరే, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

చిరుగు కొత్తదై, మలుపుల్లో టకటక శబ్దం లేకపోతే బూటు చాలు. శబ్దం మొదలైందంటే జాయింట్ అరిగినట్టే, కొత్త గ్రీజు దాన్ని బాగుచేయదు, యాక్సిల్ మార్చేయండి.