టీబీ గూని ఆపరేషన్ ప్యాకేజీలు: అడ్వాన్స్ కట్టేముందు ఎస్టిమేట్ చదవండి

వెన్నుపూస టీబీ నయమయ్యాక మిగిలిపోయిన గూనికి "అన్నీ కలిపి ఇంత" అని ప్యాకేజీ రాసిచ్చే చోట జాగ్రత్త. ఆ కాగితంలో న్యూరోమానిటరింగ్ (ఆపరేషన్ జరుగుతుండగా వెన్నుపాము సంకేతాలను యంత్రంతో గమనించడం) లేకపోతే పైసా కట్టొద్దు.

ఈ గూనిలో రెండు మూడు పూసలు కరిగి, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ మలుపు లోపలి అంచు మీద వెన్నుపాము ఏళ్ల తరబడి సాగి పడి ఉంటుంది. పూస ముక్క కోసి, రాడ్లతో వెన్ను నిటారుగా తెచ్చేటప్పుడు వెన్నుపాము నలగొచ్చు, దానికి రక్తం తగ్గొచ్చు. కాళ్లకు వెళ్లే సంకేతాలు పడిపోతే తెర మీద వెంటనే తెలియాలి. తెలిస్తే బీపీ పెంచి, రాడ్డు కాస్త వదులు చేసి కాళ్లు కాపాడే వీలుంటుంది. మత్తు తగ్గించి కాళ్లు కదపమనే పాత పరీక్ష ఆ ఒక్క క్షణం సంగతే చెబుతుంది.

గూని ఎన్ని డిగ్రీలు వంగిందో దాన్ని బట్టి రేటు మారాలి. ఒక పూసలో వి ఆకారపు ముక్క తీస్తే వచ్చే దిద్దుబాటు దాదాపు 30 డిగ్రీలు. 80, 90 డిగ్రీల గూనికి పూసను మొత్తంగా తీసి, ముందు వైపు ఆ ఖాళీలో టైటానియం కేజ్ (లోహపు గొట్టం) నిలబెట్టి వెనక మూయాల్సి రావచ్చు. రెండింటికీ ఒకే ధర చెప్పారంటే ఎక్స్‌రే చూడకుండానే రాశారన్నమాట. బెల్టుతో సరిచేస్తామనే వాళ్లతో మాట్లాడటమే దండగ, అతుక్కున్న ఎముక బెల్టుకు వంగదు.

స్క్రూలు లెక్కపెట్టండి. మలుపుకు పైన మూడు, కింద మూడు పూసలు పట్టుకుంటే, పూసకు రెండు చొప్పున 12. పెద్ద గూనిని ఇంకా తక్కువతో సరిపెడితే స్క్రూ ఊడటం, రాడ్డు విరగడం జరగొచ్చు. బిల్లులో 14 ఉండి, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలో 12 కనిపిస్తే ఆపరేషన్ నోట్స్ అడగండి, మధ్యలో మార్చినవి ఉంటే అందులో రాసుంటుంది. ఇంప్లాంట్ స్టిక్కర్ల మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు (తయారీ బ్యాచ్ నంబరు) ఉంటాయి, ఫోటో తీసుకోండి. ఆసుపత్రిలోనే స్టెరిలైజ్ చేసే సెట్లకు స్టిక్కర్లు ఉండకపోవచ్చు. అప్పుడు ఇన్‌వాయిస్‌లో లాట్ నంబర్లు రాయించండి.

రక్తం, ఐసీయూ రోజులు, ఊపిరితిత్తుల పరీక్ష "అదనం" అని చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటే అవీ ముందే తేల్చుకోండి.

తీసిన ఎముక ముక్కను బయాప్సీకి, సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష), కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్ష) పంపమనండి. టీబీ తిరగబెట్టిందని తేలితే మందులు ప్రభుత్వ టీబీ కేంద్రంలో ఉచితం, వాటికి ప్యాకేజీలో డబ్బు వేస్తే ఆ లైను కొట్టేయించండి.