లైనక్స్‌లో వైఫై రావట్లేదా: డ్రైవర్ బిల్డ్ చేస్కోవాలా, డాంగిల్ పెట్టాలా, కార్డే మార్చేయాలా?

లైనక్స్ ఎక్కించా, అంతా బానే ఉంది, వైఫై ఒక్కటే కనపడట్లేదు, ఏం చేయమంటావ్ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈమధ్యే నా లాప్‌టాప్‌కి కార్డు మార్చా కాబట్టి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా.

డబ్బులు పెట్టేముందు టెర్మినల్లో ఎల్ఎస్‌పీసీఐ కి హైఫన్ ఎన్‌ఎన్‌కే తగిలించి కొట్టండి, మీది ఏ చిప్పో, దాన్ని ఏ డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) పట్టుకుందో చెప్తుంది. డ్రైవర్ ఉండి ఫర్మ్‌వేర్ ఫైల్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) లేకపోతే అది పెద్ద గొడవేం కాదు, ప్యాకేజీ వేస్తే ఐపోద్ది, డెబియన్ 12 నుంచైతే ఇన్‌స్టాలర్‌లోనే వచ్చేస్తోంది. ఆర్ఎఫ్‌కిల్ అనే కమాండ్ కూడా కొట్టి చూడండి, వైఫైని ఎక్కడైనా ఆఫ్ చేసి ఉంచారేమో చెప్తుంది. నేనోసారి గంటన్నర కొట్టుకున్నాక తెలిసింది, లాప్‌టాప్ పక్కనున్న వైఫై స్విచ్ ఆఫ్‌లో ఉందని.

ఇక అసలు సంగతి. స్పీడు, రేంజి అవన్నీ తర్వాత, నేను చూసేది ఒక్కటే, డ్రైవర్ కెర్నల్ (లైనక్స్ అసలు గుండెకాయ) లోపల ఉందా బయట ఉందా అని. బయటి డ్రైవర్ అంటే డీకేఎంఎస్ అనే టూల్‌తో ప్రతి కొత్త కెర్నల్‌కీ మళ్ళీ బిల్డ్ అవ్వాలి, కెర్నల్ లోపలి ఫంక్షన్లేమో మారుతూనే ఉంటాయి, ఆ డ్రైవర్ రాసినవాళ్ళు సరిచేసేదాకా అది కంపైల్ అవ్వదు. నాకు జరిగిందీ అదే, రాత్రి అప్‌డేట్ కొట్టి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే వైఫై లేదు, బాగుచేద్దామంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అది బాగవ్వాలి. మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌తో బూట్ చేసి బయటపడ్డా. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో ఒప్పుకోని సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇంకో తద్దినం, ఆ డ్రైవర్ మాడ్యూల్‌ని సైన్ చేయాలి, రీబూట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ఆ సంతకం తాలూకు కీ ఎన్‌రోల్ చేయాలి, అది ఏంటో తెలీక ఎంటర్ కొట్టేస్తే డ్రైవర్ లోడే అవ్వదు. చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ వాళ్ళ డబ్ల్యూఎల్ కూడా ఇలాంటి బయటి డ్రైవరే, దాని చివరి వెర్షన్ 2015 నాటిది, అప్పట్నుంచి డిస్ట్రోలవాళ్ళే (డెబియన్ లాంటివి తయారుచేసేవాళ్ళు) ప్యాచ్‌లేసి లాక్కొస్తున్నారు. బ్రాడ్‌కామ్ బీసీఎం4360 చిప్ ఉన్నవాళ్ళకి మాత్రం అదే గతి.

ఇంకోటి, పాత ట్యుటోరియల్ చూసి గిట్‌హబ్ నుంచి డ్రైవర్ దించేముందు మీ కెర్నల్‌లో అది ఆల్రెడీ ఉందేమో చూడండి. రియల్‌టెక్ చిప్‌లలో ఆర్‌టీఎల్8821సీఈ కి కెర్నల్ 5.9 లో, 8852బీఈ కి 6.2 లో సపోర్ట్ వచ్చేసింది. అది ఉండగా బయటిది కూడా ఎక్కిస్తే రెండూ ఒకే కార్డు కోసం కొట్టుకుంటాయి.

అందుకే కార్డు ఊడదీయడానికి వీలున్న మెషీన్ ఐతే నా ఓటు మార్చేయడానికే. ఇంటెల్ ఏఎక్స్200 కి కెర్నల్ 5.1, ఏఎక్స్210 కి 5.10 ఉంటే చాలు, నేను ఏఎక్స్210 పెట్టా, స్క్రూ బిగించి ఆన్ చేస్తే నెట్‌వర్క్‌లు కనపడ్డాయి, ఒక్క కమాండ్ కూడా కొట్టలా. ఏఎక్స్201, 211 జోలికి మాత్రం పోకండి, చూడ్డానికి అలాగే ఉంటాయి గానీ సగం పని ఇంటెల్ చిప్‌సెట్ చేయాలి, ఏఎండీ మెషీన్‌లో పెడితే పనిచేయవు. యాంటెనా వైర్ల కొనలు మరీ చిన్నవి, పక్కకి లాగితే విరుగుతాయి, నిటారుగా పెట్టి టిక్ మనేదాకా నొక్కాలి. కొన్ని పాత లాప్‌టాప్‌ల బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తనకి తెలిసిన కార్డులు తప్ప వేరేవి ఒప్పుకోదు, అది ముందే కనుక్కోండి.

కార్డు బోర్డుకే సోల్డర్ చేసేసి ఉంటే డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చే చిన్న వైఫై ముక్క. మీడియాటెక్ ఎంటీ7612యూ గానీ ఎంటీ7921ఏయూ గానీ చిప్ ఉన్నది తీసుకోండి, రెండోదానికి కెర్నల్ 5.18 కావాలి. చిక్కేంటంటే డబ్బా మీద చిప్ పేరు రాయరు, ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 2 అని లోపల వేరే చిప్ పెట్టేస్తారు. కొన్నైతే గుచ్చగానే సీడీ డ్రైవ్‌లా కనపడతాయి, వాటిని వైఫై మోడ్‌లోకి మార్చడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రామ్ కావాలి.

విండోస్ డ్రైవర్‌ని లైనక్స్‌లో నడిపించే ఎన్‌డిస్‌వ్రాపర్ గురించి ఇంకా అడిగేవాళ్ళున్నారు, వద్దు, అది విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్ల కాలం నాటిది. ఈలోపు పని ఆగకుండా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్కోండి, చాలావరకు ఏ డ్రైవరూ ఎక్కించకుండానే నడుస్తుంది, ఆ రోజు పొద్దున ఈ ముక్క తట్టక ఊరికే తిప్పలు పడ్డా.