ఒక్క కంపెనీదా, వాలంటీర్లదా, పది కంపెనీల ఉమ్మడిదా: ఓపెన్ సోర్స్‌లో ఏది మేలు?

"ధాన్యం లెక్కలకు ఓపెన్ సోర్స్ పెడదామంటున్నారు కదండీ, దాని వెనక పెద్ద కంపెనీ ఎవరైనా ఉన్నారా? రేపు ఆగిపోతే ఎవరిని అడగాలి?" పాలకొల్లు దగ్గరి ఒక రైస్ మిల్లు యజమాని ఈ మధ్య నన్ను ఇలా అడిగారు. ఓపెన్ సోర్స్ అంటే, లోపలి కోడును ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్. మిల్లులకు, రొయ్యల మేత దుకాణాలకు కంప్యూటర్లలో లెక్కలు అమర్చిపెట్టడం నా వృత్తి కాబట్టి, ఈ ప్రశ్న నాకు ప్రతిచోటా ఎదురవుతుంది. భీమవరం ఇంజనీరింగ్ విద్యార్థులు ఇదే భయాన్ని తిరగేసి అడుగుతారు: "కంపెనీలు చొరబడితే అది ఇక ఓపెన్ సోర్స్ ఎలా అవుతుంది సార్?"

రెండు భయాలూ న్యాయమైనవే. నేను మాత్రం ఇద్దరినీ తూము తలుపు ఎవరి చేతిలో ఉందో చూడమంటాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీరు డెల్టా అంతటికీ పారింది. అయినా దాళ్వాలో, అంటే రబీ పంటకు, నీరు తగ్గి వంతులు పెట్టిన రోజున, తలుపు ఎత్తేది ఎవరన్న దాని మీదే శివారు రైతు పంట నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ కోడు అందరికీ కనిపించినంత మాత్రాన అధికారం అందరిదీ అయిపోదు.

ముందుగా వాలంటీర్ల సంగతి. వీళ్ల మీద నాకు చాలా గౌరవం. మన కంప్యూటర్లలో తెలుగు అక్షరం సరిగ్గా కనిపించని కాలంలో పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా పంచింది ఒక తెలుగువాడి సొంత శ్రమే. కానీ ఒక్కరి భుజాల మీద నిలిచిన పని ఎంత ప్రమాదమో కూడా చూశాం. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. లోకమంతా ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు అప్పటిదాకా ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కరే. 2024లో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టులో, అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ చేరినవారు ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టారు. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆరా తీశాడు, గుట్టు బయటపడింది. జీతం మీద పనిచేసేవాడికి అలా ఆరా తీసే తీరిక ఉంటుంది. పగలు ఉద్యోగం చేసి రాత్రి కోడు రాసే మనిషికి అది దొరకడం కష్టం.

అలాగని ఒక్క కంపెనీ నడిపే ప్రాజెక్టును నమ్ముకుందామా? మొదట్లో అది సుఖంగానే ఉంటుంది. పని త్వరగా సాగుతుంది, వివరాలు చక్కగా రాసి ఉంటాయి, ఫోను చేస్తే పలుకుతారు. చిక్కు వచ్చేది ఒప్పంద పత్రం దగ్గర. ఇలాంటి చాలా ప్రాజెక్టుల్లో బయటివారు కోడు ఇచ్చే ముందు, దాన్ని ఏ లైసెన్సు కిందకైనా, అంటే ఏ వాడుక షరతుల కిందకైనా, మార్చే హక్కు కంపెనీకి రాసిస్తారు. అంటే పూడిక తీయడానికి ఊరంతా రావచ్చు, తలుపు తాళం మాత్రం ఒకరి ఇంట్లో ఉంటుంది. కంపెనీల చేతిలోని సాఫ్ట్‌వేర్లు ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫార్మ్ 2023లో, రెడిస్ 2024లో లైసెన్సు మార్చేశాయి. మూడింటికీ పాత కోడుతోనే విడిగా నడిచే వేరుకుంపట్లు పుట్టాయి: ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ. కొన్నిసార్లు లైసెన్సు మార్చవలసిన అవసరం కూడా ఉండదు. రెడ్ హ్యాట్ కంపెనీ చేతిలో ఉన్న సెంటోస్ 8 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి 2029 దాకా మద్దతు ఉంటుందని జనం నమ్మారు. 2020 డిసెంబరులో ఒక ప్రకటనతో ఆ గడువు 2021 చివరికి కుదించుకుపోయింది.

ఆ కంపెనీల వాదనలోనూ నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. తాము కష్టపడి రాసిన కోడును పెద్ద క్లౌడ్ కంపెనీలు అద్దెకిచ్చి లాభం తీసుకుంటున్నాయని, తిరిగి ఇచ్చేది తక్కువని వారి బాధ. కాలువ బాగుచేసినవాడు ఒకడు, నీళ్లు పారించుకున్నవాడు మరొకడు అయితే ఎవరికైనా కడుపు మండుతుంది. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడా చేర్చాయి. కానీ ఆ మధ్యకాలంలో నలిగిపోయేది వాడుకునేవాడే. మా దగ్గరి ఒక మేత దుకాణంలో నేనే పెట్టిన, ఒకే కంపెనీ నడిపే సాఫ్ట్‌వేర్‌లో, కొత్త వెర్షన్ రాగానే బాకీల నివేదిక డబ్బు కట్టే విభాగంలోకి వెళ్లిపోయింది. సరిగ్గా మార్చి నెలాఖరు. రెండు రాత్రులు కూర్చుని రైతుల బాకీలన్నీ చేత్తో రాశాం. ఆ తప్పు నాదే అనుకుంటాను. లైసెన్సు చదివాను గానీ, ఒప్పంద పత్రం చదవలేదు.

ఇక పది కంపెనీలు కలిసి మోసే పద్ధతి. 1991లో ఒక విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్‌లో, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఈనాడు ఎక్కువ కోడు రాసేది కంపెనీల ఉద్యోగులే. ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి పోటీదారులు ఒకే చోట పనిచేస్తున్నారు. ఎవరు రాసిన కోడు మీద హక్కు వారిదిగానే ఉంటుంది, కాబట్టి వేలమంది ఒప్పుకుంటే తప్ప లైసెన్సు మారదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వారిది ఇంకా మంచి కట్టుబాటు. నడిపించే ముఖ్య బృందంలో సగానికి మించి ఒకే కంపెనీవారు ఉండకూడదు. ఇది వాళ్లు ఎక్కడా రాసుకోకుండానే పాటించిన నియమం. 2020లో, ఆ బృందంలో తమ మనుషులున్న రెండు కంపెనీల్లో ఒకటి మరొకదాన్ని కొనడంతో ఆ లెక్క తప్పింది. వెంటనే బయటివారిని ఇద్దరిని చేర్చుకుని సరిచేసుకున్నారు. ఇంత పెద్ద వ్యవహారంలో రాయని కట్టుబాటుకు అంత విలువ ఇవ్వడం నన్ను కదిలించింది.

ఈ పద్ధతికీ శివారు సమస్య ఉంది. లినక్స్ ఫౌండేషన్‌లో ఎక్కువ రుసుము కట్టే సభ్యులకు బోర్డులో చోటు దొరుకుతుంది. జీతాలిచ్చేది సర్వర్ల కంపెనీలు కాబట్టి సర్వర్ల పనికే ముందు వరుస. తెలుగు వత్తు ముద్రణలో చెదిరితే ఆ ఫిర్యాదు వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇక్కడ మళ్లీ వాలంటీరే దిక్కు, లేదా తెలుగు అవసరమైన మరో వ్యాపారం. లోహిత్ తెలుగు ఫాంటుకు రెడ్ హ్యాట్, నోటో తెలుగు ఫాంటుకు గూగుల్ డబ్బు పెట్టాయి. రెండూ స్వేచ్ఛా లైసెన్సులోనే ఉన్నాయి, రేపు ఆ కంపెనీలు తప్పుకున్నా అక్షరాలు మనకే ఉంటాయి. వ్యాపారం నుంచి నేను కోరే సాయం ఈ రకానిది. మన దేశంలో షేర్ల కొనుగోలు, అమ్మకాలు నడిపే జెరోధా కంపెనీ 2024లో ఏటా 10 లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇచ్చే నిధిని ప్రకటించింది. వాడుకునే ప్రతి కంపెనీ తన స్థాయికి తగ్గట్టు అలా ఇస్తే ఓపెన్ఎస్ఎస్ఎల్ గతి మరొకరికి పట్టదు.

మిల్లు విషయంలో నేను ఉమ్మడి పద్ధతినే ఎంచుకున్నాను. లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్‌లో, కంప్యూటర్ లినక్స్ మీద, తూకం చీటీలు నోటో తెలుగులో. వాటిని కలిపే చిన్న ప్రోగ్రాం భీమవరం విద్యార్థి ఒకరు రాశారు. అది వాలంటీరు పనే గానీ, మిల్లు యజమాని ఆ అబ్బాయికి సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ కోడు నకలు ఒకటి మిల్లు కంప్యూటర్‌లోనే ఉంచాను. ఎవరిని అడగాలన్న ప్రశ్నకు జవాబుగా, నా నంబరు కింద ఆ పని తెలిసిన మరో ఇద్దరి నంబర్లు రాసి కాటా పక్కన గోడకు అంటించాను. ఒకరు తణుకులో ఉంటారు, ఒకరు అమలాపురంలో.